మూడో వరస, రెండో రీలు

మేడ మీద, కుట్టుగది
జనవరి 9

అక్కా,

ఈ విషయం ఫోన్లో మాట్లాడితే మూడో నిమిషానికి పోట్లాట మొదలై, ఐదో నిమిషానికి ఇద్దరిలో ఒకరు ఫోన్ పెట్టేస్తారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డుపడలేవు.

మా వీధి మలుపులో పిల్లల్ని చూసుకునే కేంద్రం ఒకటి తెరిచారు. వాళ్ళకి అరవై ఏప్రన్లు కావాలన్నారు. ముప్పై ఎరుపు, ముప్పై ఆకుపచ్చ. పిల్లల్ని రెండు గుంపులు చేసి, గుంపుకో రంగు తొడుగుతారట. గుడ్డ చూడ్డానికి హెడ్ మేడమ్ మా ఇంటికి వచ్చింది. వచ్చినావిడ గుడ్డ చూడకుండా నా ఇద్దరు పిల్లల్ని చూసింది. "వీళ్ళు బడికి వెళ్ళలేదా ఇవాళ?" అంది. ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నాం అన్నాను. ఆవిడ గదంతా కలయజూసింది. బెంచీ కోసం వెతికిందనుకుంటాను.

బుడ్డోణ్ణి వారానికి మూడు పొద్దులు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా పంపమంది. ఆలోచిస్తాను అన్నాను. పదకొండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఈలోగా ఏప్రన్లు కూడా అయిపోయాయి.

పంపితే నాకు మిషన్ మీద కూర్చోవడానికి తొమ్మిది గంటలు దొరుకుతాయి. ఇప్పుడు వాడు పెడల్ పక్కనే కూర్చుంటాడు, వాడి వేళ్ళు చూసుకుంటూ కుట్టాలి. కానీ వాడికి అక్కడ కొత్తగా నేర్పేదేముంది చెప్పు. నాలుగున్నరేళ్ళకి అక్షరాలొచ్చు, యాభై దాకా లెక్కొచ్చు, ఇరవై నాలుగు రంగులొచ్చు. గోడకి నా దారం రీళ్ళ అర ఉంది కదా, ఆరు వరసలు, వరసకి నాలుగు. ఏ రీలు ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది, నా పద్ధతి నీకు తెలిసిందే. "ముదురాకుపచ్చ తేరా" అంటే కుర్చీ ఎక్కి సరిగ్గా అదే తెస్తాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఏడేళ్ళ పెద్దది కూడా ఆ వయసులో తప్పేది.

మా ఆయన్ని అడిగితే, పంపితే లాభమేంటి, పంపకపోతే లాభమేంటి అని కాగితం మీద గీత గీసి రెండు వైపులా రాశాడు. రెండు వైపులా "ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అనే ఉంది. లిఫ్టులు బాగుచేసే మనిషి, పైకీ కిందకీ ఒకటే మర్యాద.

నువ్వు మీ పాపని రెండేళ్ళు నిండకుండానే పంపావు కదా, నీకు అనుభవం ఉందని అడుగుతున్నాను. ఎత్తిపొడుపు కాదు.

చెల్లి


ల్యాబ్ కౌంటర్, భోజనం వేళ
జనవరి 20

చెల్లాయ్,

"ఎత్తిపొడుపు కాదు" అని విడిగా రాయాల్సి వచ్చిందంటే అది ఎత్తిపొడుపే.

పెద్దది నీ కడుపులో ఉన్నప్పుడు మీ ఇంటికి వచ్చాం. నువ్వు టీ కలుపుతూ, "నా పిల్లల్ని నేను ఎవరి చేతుల్లోనూ పెట్టను బాబూ" అన్నావు. నీకు గుర్తుండదు. టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయావు, అదీ గుర్తుండదు. అప్పటికి ఏడేళ్ళ నా కూతురు మీ సోఫా మీద నిద్రపోతోందని అందరం అనుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగింది, "అమ్మా, నన్నెవరి చేతుల్లో పెట్టావు?" అని. దానికిప్పుడు పదిహేను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేను మాత్రం ఇప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను.

అందుకని పంపమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నా ఉద్యోగమే అంత. రక్తపరీక్ష రిపోర్టు కవర్లో పెట్టి ఇస్తాను. "బానే ఉందా అమ్మా?" అని అడుగుతారు. డాక్టరుగారికి చూపించండి అంటాను. పదిహేడేళ్ళుగా అదే మాట. ఇప్పుడు నీకూ అదే.

నీ ఉత్తరం యథాప్రకారం నాకంటే ముందు నాన్న చదివాడు. అచ్చాఫీసు మానేసి పదకొండేళ్ళయినా, ఇంటికొచ్చిన కాగితం ఏదైనా ముందు ఆయన కళ్ళలోంచి వెళ్ళాల్సిందే. ఈసారి తప్పులు దిద్దడానికి పెన్సిల్ పట్టుకోలేదు. "ఇరవై నాలుగు రంగులా?" అన్నాడు. అవునన్నాను. కాసేపాగి వచ్చి, "ఒక్కసారి కూడా తప్పలేదటా?" అన్నాడు. మనవడంటే అంత మురిపెం అనుకున్నాను.

అక్క


కేంద్రం మెట్లమీద
ఫిబ్రవరి 18

అక్కా,

ఆ మాట అన్నానని నిజంగానే గుర్తు లేదు. అనలేదని మాత్రం చెప్పను, అచ్చం నా మాటలాగే ఉంది. తప్పు నాదే. పాపకి నేనే ఉత్తరం రాస్తాను. ఏం రాయాలో తెలిశాక.

బుడ్డోణ్ణి పంపుతున్నాను. ఇది మూడో వారం. మొదటి రోజు ఏడుస్తాడేమోనని రెండు రుమాళ్ళు, ఒక బొమ్మ, బిస్కెట్లు పెట్టుకుని వెళ్ళాను. వాడు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయాడు. రుమాళ్ళు మిగిలాయి. నాకు కొంచెం అవమానంగా అనిపించింది. తొమ్మిది గంటలు కలిసొస్తాయని చెప్పానే, అందులో రెండు ఈ మెట్ల మీద కూర్చోవడానికే పోతున్నాయి. పెద్దది పక్కన కూర్చుని ఎక్కాలు చదువుతుంది. ఎందుకే ఇక్కడ కూర్చోవడం అంటే, "తమ్ముడికి నేను కావాల్సొస్తే" అంటుంది. అక్కంటే ఇలా ఉండాలి అనుకున్నాను. నిన్ను అన్నట్టు కాదు.

ఇక అసలు విషయం. వాడి మీద ఫిర్యాదులు. రోజూ సంచిలో చీటీ వస్తోంది. మొదటి చీటీ: "తన గుంపులో నిలబడడు." వాడిది ఆకుపచ్చ గుంపు. వెళ్ళి ఎర్రవాళ్ళ వరసలో నిలబడతాడట. చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వస్తాడట, మర్నాడు మళ్ళీ అంతే. రెండో చీటీ: "చెప్పిన వస్తువు తేడు." మూడో చీటీతో పాటు వాడు వేసిన బొమ్మ పంపారు. చెట్టు. మాను ఆకుపచ్చ, ఆకులు గోధుమ రంగు. కింద టీచరు రాసింది, "కావాలని చేస్తున్నాడేమో ఇంట్లో అడగండి."

అడిగాను. "చెట్టు బాలేదా?" అన్నాడు.

నా చేతులతో కుట్టిన ఏప్రన్లు అక్కా. ఆ ఎరుపూ ఆ ఆకుపచ్చా మా ఇంట్లో పదకొండు రోజులు పడి ఉన్నాయి. రీళ్ళ దగ్గర ఇరవై నాలుగు చెప్పేవాడికి రెండు తెలియవా? మొండితనం. ఇంట్లో ఈ మొండితనం లేదు. అక్కడే అంటుకుంది.

చెల్లి


ఇల్లు, వంటింటి బల్ల
ఫిబ్రవరి 27

చెల్లాయ్,

ముందు నా సంగతి చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ చెప్పను. నా కూతురు మొదటిరోజే నవ్వుతూ లోపలికి వెళ్ళిందని అమ్మకీ నీకూ మీ బావకీ అందరికీ చెప్పాను కదా. అబద్ధం. నలభై రోజులు గేటు పట్టుకుని ఏడ్చింది. దాని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, దాన్ని లోపలికి అప్పగించి బస్సెక్కేదాన్ని. నలభై ఒకటో రోజు వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను బస్టాపులో రెండు బస్సులు వదిలేశాను. ఆఫీసులో ఆలస్యానికి కారణం అడిగితే, బస్సు రాలేదని రాసిచ్చాను.

రుమాళ్ళు దాచి ఉంచు. అవి ఎప్పుడు పనికొస్తాయో ముందు తెలియదు.

ఇక బుడ్డోడి విషయం. నీ ఉత్తరం నాన్న చదివి, మడిచి, కవర్లో పెట్టి, మళ్ళీ తీసి చదివాడు. బొమ్మ గురించి రాసిన చోట వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. రెండు పూటలు మాట్లాడలేదు. మామూలుగా కూడా మాట్లాడడు కాబట్టి నేను గమనించలేదు. పాపే చెప్పింది, "తాత పేపరు తిప్పకుండా చూస్తున్నాడమ్మా" అని. పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకొచ్చి ఒక్క మాట చెప్పాడు. ఎందుకో అడిగితే చెప్పలేదు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"రీళ్ళన్నీ తీసి కింద పొయ్యమను. అప్పుడు అడగమను."

అక్క


కుట్టుగది
మార్చి 8

అక్కా,

పోశాను.

ఇరవై నాలుగు రీళ్ళు నేలమీద పోసి, "ముదురాకుపచ్చ తేరా" అన్నాను. వాడు ముందు అర వైపు చూశాడు. అర ఖాళీ. నేలవైపు చూశాడు. ఒక రీలు తీసి, "ఇది ఎక్కడిది?" అన్నాడు. రంగు చెప్పరా అంటే, "ముందు దీని చోటు చెప్పు" అన్నాడు. పసుపు చెప్పాడు, నీలం చెప్పాడు. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు వాడికి ఒకే బుట్టలోవి. నేను రెండేళ్ళుగా వాడికి నేర్పింది రంగులు కాదు అక్కా. కుర్చీ ఎక్కి ఎడమ నుంచి ఎన్నోది తియ్యాలో నేర్పాను.

పెద్దది గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అమ్మా, వాడికి తెలీదు. మూడో వరస, రెండోది అని నేనే చెప్పాను" అంది. చెప్పడమే కాదు, నేను వంట చేస్తుంటే రోజూ వాడితో వల్లె వేయించిందట. కేంద్రం మెట్లమీద కూర్చున్నది కూడా అందుకే. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే అంటే, నువ్వు అడగలేదు అంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి చూపించాడు. నాకు అంకెలు కనబడిన చోట వాడికి చుక్కలే కనబడ్డాయి. ఎరుపూ ఆకుపచ్చా వాడి కళ్ళకి వేరుగా తెలియవట, జబ్బు కాదట. మందు లేదు, పెరగదు, తగ్గదు. తల్లి తరఫు నుంచి కొడుకులకి వస్తుందట. "మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా?" అన్నాడు. మా ఇంట్లో ఎవరికీ లేదండీ అని గట్టిగా చెప్పి వచ్చాను.

కేంద్రంలో చెబితే టీచరు తప్పయిందంది. ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. వాడు పక్కన కూర్చునే చీమిడి ముక్కు పిల్లని, "ఇదేం రంగు?" అని అడుగుతున్నాడట. అది చెబుతుందట. వాడు వేస్తాడట. పది రోజులుగా బొమ్మలు సరిగ్గానే వస్తున్నాయట. టీచరు దాన్ని మంచి సంగతిలా చెప్పింది. నాకు మాత్రం నడివీధిలో నిలబెట్టినట్టయింది. నా కొడుకు ముక్కు తుడుచుకోవడం రాని పిల్లని అడిగి తెలుసుకోవాలా?

అందుకని మాన్పించేస్తున్నాను. ఇంట్లో అన్నిటికీ చోటు ఏర్పాటు చేస్తాను. బట్టలు, రంగు పెన్సిళ్ళు, పళ్ళు, అన్నీ. ప్రతిదానికీ చీటీ కుడతాను. వాడు ఎవర్నీ ఏదీ అడగాల్సిన అవసరం లేకుండా చేస్తాను. మా ఆయన "సరే" అన్నాడు. పంపుతానన్నప్పుడు కూడా అదే అన్నాడు.

ఒకటి చెప్పు. నాన్నకెలా తెలిసింది?

చెల్లి


ఇల్లు, అల్మారా ముందు నేలమీద
మార్చి 17

చెల్లాయ్,

నీ ప్రశ్న నాన్నని అడగలేదు. అల్మారాని అడిగాను.

మన ఇంట్లో అమ్మ బట్టల అర గుర్తుందా? నాన్న చొక్కాలు ఎడమ నుంచి కుడికి ఒకే వరసలో ఉండాలి. ఉతికి ఆరేసినవి మడత పెట్టేటప్పుడు మనం ఒక్కటి అటూ ఇటూ పెడితే వీపు మీద ఒకటి పడేది. అన్నం మాడబెట్టినా ఏమీ అనని అమ్మ, చొక్కా చోటు మారితే కొట్టేది. శుభ్రత పిచ్చి అనుకున్నాం. నీ రీళ్ళ అర పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? నువ్వు అమ్మ దగ్గర నేర్చుకున్నావు. అమ్మ ఎందుకు అలా చేసేదో మనిద్దరిలో ఎవరమూ అడగలేదు.

అమ్మ పోయాక నాన్న మూడేళ్ళ కిందట నా దగ్గరికి వచ్చాడు. వచ్చిన రోజే ఆయన పెట్టె విప్పి బట్టలన్నీ కొత్త అల్మారాలో సర్దాను. నా పద్ధతిలో. మందం గుడ్డవి కింద, పల్చటివి పైన. చాలా బాగా సర్దానని నేనే మెచ్చుకున్నాను.

ఆ రోజు నుంచి నాన్న తెల్ల చొక్కాలు తప్ప వెయ్యలేదు. నాలుగే ఉన్నాయి. అవి చిరిగితే మళ్ళీ తెల్లవే కొనమన్నాడు. అమ్మ మీద బెంగ అని నువ్వూ నేనూ ఫోన్లో అనుకుని ఏడ్చాం. రంగులు వెయ్యి నాన్నా అని ఆయన పుట్టినరోజుకి మూడు చొక్కాలు కొన్నాను. తళతళలాడే కవర్లలో అలాగే ఉన్నాయి.

ఇవాళ ఆయన నడకకి వెళ్ళినప్పుడు అల్మారా తెరిచి దాని ముందే కూర్చున్నాను. బెంగ కాదే. అడగలేకపోయాడు. మూడేళ్ళు, ఒకే ఇంట్లో, పక్క గదిలో నేనుండగా.

నీ రుమాళ్ళలో ఒకటి పంపు.

అక్క

తా.క.: తిరిగొచ్చి నన్ను ఇక్కడ చూశాడు. తెల్ల కాగితాలు ఉన్నాయా అని అడిగి నాలుగు తీసుకెళ్ళాడు.


కిటికీ పక్క కుర్చీ
మార్చి 19

చిన్నమ్మాయికి,

నీ ఉత్తరాల్లో నేను తప్పులు దిద్దుతానని మీ అక్క రాస్తూ ఉంటుంది. ఇందులో నా తప్పులు నువ్వు దిద్దుకో.

డాక్టరుకి ఎవరికీ లేదని చెప్పి వచ్చావట. నాకుంది. నీకు చెప్పనిది నువ్వెలా చెబుతావు?

చిన్నప్పుడు బళ్ళో పటం గీసి రంగులేసినప్పుడు అందరూ నవ్వారు. ఆ తరవాత రంగులున్న చోటికి వెళ్ళలేదు. నేను అచ్చాఫీసులోనే ఎందుకు చేరానని ఎవరూ అడగలేదు. అక్కడ సిరా నలుపు, కాగితం తెలుపు. సీసం అక్షరాల గళ్ళ పెట్టెలో ఏ అక్షరం ఏ గడిలో ఉంటుందో చెయ్యికి తెలిస్తే చాలు, కళ్ళతో పని లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు హాయిగా గడిచింది.

పెళ్ళైన రెండో నెల మీ అమ్మ ఆకుపచ్చ తెరగుడ్డ తెమ్మంది. తెచ్చాను. మార్చుకు రమ్మంది. మార్చి తెచ్చాను. రెండోసారి కూడా గోధుమ రంగే. నవ్వుతుందని గోడవైపు తిరిగి నిలబడ్డాను. నవ్వలేదు. ఆ తెర అలాగే కట్టింది. మర్నాడు చూస్తే నా బట్టలన్నీ వరసగా ఉన్నాయి. "ఎడమ నుంచి మొదలుపెట్టండి" అంది. అంతే. ఆ తరవాత నలభై ఒక్క ఏళ్ళు ఆ మాట మేమిద్దరం కూడా ఎప్పుడూ అనుకోలేదు.

మీ అమ్మ నన్ను ఎంత బాగా చూసుకుందంటే, నేను ఎవర్నీ ఏదీ అడగాల్సిన పని లేకుండా పోయింది. అందుకే నాకు అడగడం రాలేదు. ఆవిడ పోయాక మీ అక్క అల్మారా ముందు నిలబడి, రోజూ అడుగుదామనుకుని, రోజూ తెల్లది తీసుకున్నాను. మీ అమ్మ కోసం నేను ఏడ్చిన ఏడుపులో ఆ అల్మారా ముందు ఏడ్చింది కూడా ఉంది. విడదీయడం నాకు తెలియలేదు.

నువ్వు చేద్దామనుకుంటున్న ఇల్లు నేను చూశాను. అందులోనే ఉన్నాను. మంచి ఇల్లే. కానీ కట్టినవాళ్ళు పోయిన రోజున తలుపెటో తెలియదు.

బుడ్డోడు పక్క పిల్లని అడిగాడని నీకు నడివీధిలో నిలబెట్టినట్టుందన్నావు. నేను ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. డెబ్బై ఒక్క ఏళ్ళలో నేను చెయ్యలేనిది వాడు మూడు వారాల్లో చేశాడు. ఆ పిల్ల ముక్కు గురించి నువ్వు దిగులు పడకు. దానికి రంగులు తెలుసు. వీడికి ముక్కు తుడుచుకోవడం తెలుసు. నేర్పుకుంటారు.

మాన్పించకు.

పెద్దదాన్ని కూడా కాసేపు ఎక్కడికైనా పంపు. ఏడేళ్ళకే అది మీ అమ్మ చేసిన ఉద్యోగం చేస్తోంది.

నాన్న


మెట్లమీద కాదు, కుట్టుగదిలోనే
ఏప్రిల్ 6

అక్కా,

నాన్న ఉత్తరంలో తప్పులేమీ దొరకలేదు. వెతికాను కూడా.

బుడ్డోడు వెళ్తున్నాడు. పాత మూడు పొద్దులే. అంతకు మించి ఇవ్వనని హెడ్ మేడమ్‌కి చెప్పాను, మిగతా రోజులు వాడు నాకు కావాలి. ఆవిడ నవ్వింది. పెద్దది వారానికి రెండు మధ్యాహ్నాలు అదే కేంద్రంలో పెద్దపిల్లల బొమ్మలు చేసే తరగతికి వెళ్తోంది. మొదటి రోజు గేటు పట్టుకుని వదల్లేదు. తమ్ముడికి ఎవరు చెబుతారు అని ఒకటే ఏడుపు. ఎవరో ఒకరు చెబుతారే, వాడే అడుగుతాడు అన్నాను. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. ఎనిమిదేళ్ళ కిందట టీ కలుపుతూ నేనన్న మాట అప్పుడు నాకు వినపడింది. పాపకి ఉత్తరం ఇందులోనే పెట్టాను, దాని చేతికివ్వు, నాన్న చదవకముందే.

రీళ్ళు ఇంకా బుట్టలోనే ఉన్నాయి, కలగాపులగంగా. కావాల్సింది వెతుక్కోవడానికి నాకే సగం పొద్దు పడుతోంది. మా ఆయన చూసి, అర ఖాళీగా ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంది అన్నాడు.

నాన్న చొక్కాలకి కాలరు లోపల దారంతో చిన్న ముళ్ళు వేస్తాను, వేలితో తడిమితే తెలిసేలా. నీలానికి ఒకటి, ఆకుపచ్చకి రెండు, గోధుమకి మూడు. చొక్కాలు పంపించు. రుమాలు ఇందులో పెట్టాను.

చెల్లి


ల్యాబ్ కౌంటర్
ఏప్రిల్ 15

చెల్లాయ్,

పాప నీ ఉత్తరం గది తలుపేసుకుని చదువుకుంది. ఏం రాశావో చెప్పలేదు. రాత్రి అన్నం తింటూ, "పిన్ని టీలో చక్కెర మర్చిపోయింది కదా ఆ రోజు" అంది.

చొక్కాలు పంపడం లేదు. ముళ్ళ సంగతి చెబితే నాన్న వద్దన్నాడు. అల్మారా అమ్మ వరసలో సర్దిపెడతానన్నా వద్దన్నాడు.

ఇవాళ పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో చొక్కా. నేను కొన్న మూడింటిలో ఒకటి, కవరు చించి, మడతలు అలాగే ఉన్నాయి. గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆలస్యమవుతోంది. ఏంటి నాన్నా అనబోయి ఆగాను. ఆగడం మంచిదైంది.

"ఇదేం రంగే?" అన్నాడు.

"ఆకుపచ్చ" అన్నాను.

"దీనికి ఏ ప్యాంటు?"

"గోధుమ రంగుది."

"అదెక్కడుంది?"

"నీ ఇంకో చేతిలో ఉంది నాన్నా."

చూసుకున్నాడు. "ఓహో" అని లోపలికి వెళ్ళి తొడుక్కుని వచ్చాడు. గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టాడు. అది రంగు సమస్య కాదు కాబట్టి ఊరుకున్నాను.

ఇవాళ కూడా రెండు బస్సులు వదిలేశాను. ఆలస్యానికి కారణం రాయమంటే, నాన్న చొక్కా రంగు అడిగాడని రాసిచ్చాను.

అక్క